పాఠకుల ప్రశ్నలు: సూపర్‌హీరో సినిమాల బలమెంత, బలహీనతెంత

పోయిన సంచికలో సూపర్‌హీరో సినిమాల మీద ప్రశ్నలు పంపమన్నాం కదా, చాలానే వచ్చాయి. ఒకే విషయం అడిగినవి కలిపేసి, వీలైనన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: మార్టిన్ స్కోర్సెసీ అంతటి డైరెక్టరే మార్వెల్ కంపెనీ తీసే సూపర్‌హీరో సినిమాలు సినిమాలే కాదు, థీమ్ పార్కులు అన్నాడని మా ఫ్రెండ్ ఒకడు ఎప్పుడు చూసినా అదే పట్టుకుని వాదిస్తాడు సార్. నేను ఆ సినిమాలు చూస్తూనే పెరిగాను, నాకు చాలా ఇష్టం. నా టేస్ట్ బాలేదంటారా?

జవాబు: అలా ఎందుకనుకుంటారండీ, మీ ఇష్టం మీది. ఆయన 2019 అక్టోబర్‌లో ఒక ఇంటర్వ్యూలో ఆ థీమ్ పార్క్ మాట అన్నారు, జనం అదొక్కటే పట్టుకున్నారు గానీ తర్వాత నెలలో న్యూయార్క్ టైమ్స్‌లో ఆయనే వివరంగా ఒక వ్యాసం రాశారు, మీ ఫ్రెండ్‌ని అది చదవమనండి. అందులో ఆయన బాధ ముఖ్యంగా రెండు విషయాల గురించి. ఈ సినిమాల్లో రిస్క్ లేదు, ఏం జరిగినా చూసేవాడి మనసు నిజంగా కంగారు పడదు అన్నది ఒకటి. థియేటర్లలో స్క్రీన్లన్నీ ఈ ఫ్రాంచైజీలకే పోతుంటే మిగతా సినిమాలు ఎక్కడ ఆడాలి అన్నది రెండోది. ఈ రెండో మాట నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ అని నా అభిప్రాయం, పెద్ద తెర మీద చూడాల్సిన మంచి డ్రామాలు ఎన్నో ఈ పదిహేనేళ్ళలో నేరుగా ఇంట్లో టీవీకి వెళ్ళిపోయాయి.

మొదటి మాట మాత్రం అన్ని సినిమాలకీ వర్తించదు. 2004లో సామ్ రైమీ తీసిన స్పైడర్‌మ్యాన్ 2 చూడండి. మొదటి సీన్‌లోనే హీరో పిజ్జా లేటుగా డెలివరీ చేసి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అద్దె కట్టలేడు, ఇష్టపడిన అమ్మాయి నాటకానికి టైమ్‌కి వెళ్ళలేడు, ఆఖరికి మనసు బాలేక పవర్సే పోతాయి. ఆ రైలు ఆపే సీన్ గుర్తుందా, మాస్క్ లేకుండా స్పృహ తప్పి పడిపోతుంటే ప్రయాణికులు వెనక నుంచి పట్టుకుని, చేతుల మీద లోపలికి మోసుకెళ్ళి పడుకోబెడతారు, ముఖం చూసి కుర్రాడే కదా వీడు అనుకుంటారు, ఇద్దరు పిల్లలు మాస్క్ తెచ్చి ఇచ్చి మేం ఎవరికీ చెప్పం అంటారు. గ్రాఫిక్స్ ఆ సీన్‌లో బోలెడు ఉన్నాయి కానీ మనల్ని కదిలించేది ఆ మోసే చేతులు. ఇది సినిమా కాకపోతే మరేంటి?

అంతకన్నా పాతది, 1978 సూపర్‌మ్యాన్‌లో క్రిస్టఫర్ రీవ్ హీరోయిన్ ఇంట్లో ఒక్క క్షణం తనే సూపర్‌మ్యాన్ అన్న నిజం చెప్పేద్దామనుకుని కళ్ళజోడు తీసి నిటారుగా నిలబడతాడు, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు మారిపోతుంది, మళ్ళీ ధైర్యం చాలక కళ్ళజోడు పెట్టేసుకుని ఒంగిపోతాడు. ఒక్క గ్రాఫిక్ లేదు, కేవలం ఆ మనిషి నటన. వీళ్ళు ఎంత బరువు ఎత్తగలరు అన్నది నేను పెద్దగా పట్టించుకోను, ఎంత పవర్ ఉన్నా తీరని బాధ ఒకటి ఉండాలి, ఆ బాధ కథలో ఎక్కడో ఒకచోట తేలాలి. అది ఉన్న సినిమా దేనికీ తీసిపోదు.

ప్రశ్న: ప్రతి సినిమా క్లైమాక్స్ ఒకేలా ఎందుకుంటుందండీ? ఆకాశంలోకి ఒక లైట్, బిల్డింగులు కూలడం, వందల మంది గ్రాఫిక్స్ శత్రువులు. నిద్రొచ్చేస్తోంది.

జవాబు: మీరన్నది అక్షరాలా నిజం. 2012 అవెంజర్స్‌లో ఆ ఆకాశంలోని ద్వారం చూసినప్పుడు కొత్తగా ఉండింది, తర్వాత 2013 మ్యాన్ ఆఫ్ స్టీల్, 2015 ఫెంటాస్టిక్ ఫోర్, 2016 సూసైడ్ స్క్వాడ్, ఎక్కడ చూసినా అదే లైటు.

దీనికి పని జరిగే తీరే పెద్ద కారణం. రిలీజ్ డేట్ ముందే ఫిక్స్ అయిపోతుంది, కొన్నిసార్లు కథ కూడా పూర్తిగా తేలకముందే. పెద్ద యాక్షన్ సీన్లని షూటింగ్‌కి ముందే కంప్యూటర్‌లో బొమ్మల సినిమాలా తయారుచేసి పెట్టుకుంటారు, దాన్ని ప్రీవిజ్ అంటారు. ఆ తర్వాత షాట్లన్నీ రకరకాల విఎఫ్ఎక్స్, అంటే గ్రాఫిక్స్ చేసే కంపెనీలకి పంచేస్తారు, రిలీజ్ దగ్గరపడేదాకా స్టూడియో మార్పులు చెప్తూనే ఉంటుంది. అలా పదిచోట్ల పదిమంది చేసిన ముక్కలు కలిపితే వచ్చే అరగంటలో డైరెక్టర్ చూపు ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి. ఆ ముక్కలు చేసేవాళ్ళ సంగతి కూడా మనం మర్చిపోకూడదు, రాత్రీ పగలూ లేని పని ఒత్తిడి భరించలేకే 2023 సెప్టెంబర్‌లో మార్వెల్ స్టూడియోస్ విఎఫ్ఎక్స్ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవాలని ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా నిర్ణయించుకున్నారు. గ్రాఫిక్స్ చెత్తగా ఉన్నాయి అని వాళ్ళని తిట్టేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇంకోటి, ప్రమాదం సైజు పెంచుకుంటూ పోవడం. మొదట ఒక సిటీ, తర్వాత భూమి, తర్వాత విశ్వం, ఇప్పుడు అన్ని విశ్వాలూ. లెక్కకందనంత మంది పోతారంటే మనకేమీ అనిపించదు, ఒక పడవలో మామూలు జనం, ఇంకో పడవలో ఖైదీలు, ఎదుటి పడవని పేల్చే బటన్ చేతిలో పెట్టుకుని నొక్కాలా వద్దా అని చూస్తుంటే గుండె ఆగినంత పనవుతుంది. 2008 డార్క్ నైట్‌లో క్రిస్టఫర్ నోలన్ చేసింది అదే, ఆ సీన్‌లో ఎవరూ ఎగరరు.

ప్రశ్న: నేను వుల్వరిన్‌కి వీరాభిమానిని. లోగన్ సినిమాకి థియేటర్‌లో ఏడ్చాను. మళ్ళీ అతన్ని తీసుకొచ్చేశారు కదా, సంతోషించాలా బాధపడాలా తెలీట్లేదు. మీరేమంటారు?

జవాబు: ఇది నాకు బాగా నచ్చిన ప్రశ్న, ఎందుకంటే ఈ సినిమాల అసలు జబ్బు ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నా.

2017 లోగన్‌లో జేమ్స్ మ్యాంగోల్డ్ ఏం చేశాడంటే, ఏ గాయమైనా ఇట్టే మానిపోయే వుల్వరిన్‌కి (లోగన్ అతని ఇంకో పేరు) గాయాలు మానకుండా చేశాడు, ఒంట్లో ఉన్న లోహమే విషమై తినేస్తుంటే దగ్గుతూ, కుంటుతూ, మతిమరుపు వచ్చిన ముసలి ప్రొఫెసర్‌కి మందులు వేస్తూ బతికే మనిషిని చూపించాడు. ప్రపంచాన్ని కాపాడ్డం లాంటిదేం లేదు, ఒక చిన్నపిల్లని సరిహద్దు దాటించాలి, అంతే. చివర్లో అతని సమాధి మీద శిలువని ఆ పిల్ల ఎక్స్ ఆకారంలో ఒరగదీస్తుంది, అతను ఉన్న ఎక్స్‌మెన్ జట్టు గుర్తు అది. ఆ స్క్రీన్‌ప్లే ఆస్కార్‌కి నామినేట్ అయ్యిందంటే ఊరికే కాదు. ఆ కథకి ముగింపు ఉంది కాబట్టే అంతకుముందు పదిహేడేళ్ళుగా హ్యూ జాక్‌మన్ చేసిన ఆ పాత్రకంతటికీ ఒక బరువు వచ్చింది.

2024లో డెడ్‌పూల్‌తో కలిపి తీసిన సినిమా మొదలవడమే ఆ సమాధి తవ్వి ఎముకలు బయటికి తీయడంతో మొదలవుతుంది. వేరే విశ్వంలోని వుల్వరిన్ అన్నారు, జాక్‌మన్ ఎప్పట్లానే ప్రాణం పెట్టి చేశాడు, 130 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, చూస్తున్నంతసేపూ హాల్లో అరుపులే. నాకు మాత్రం ఆ మొదటి సీన్ మనసుకి కష్టంగా అనిపించింది, ఇప్పటికీ అలానే ఉంది.

ఈ అలవాటు కామిక్స్ నుంచి వచ్చిందే. నెల నెలా పుస్తకం రావాలి కాబట్టి అక్కడ ఎవరూ శాశ్వతంగా చావరు, డెబ్భై ఎనభై ఏళ్ళుగా అదే నడుస్తోంది, పాఠకులు కూడా అలవాటు పడిపోయారు. సినిమాకి అది సరిపడదు, రెండు గంటలు చీకట్లో కూర్చుని ఒక మనిషిని నమ్ముతాం కదా మనం. 2018 ఇన్ఫినిటీ వార్‌లో సగం జీవరాశి బూడిదైపోయినప్పుడు మా హాల్లో నిశ్శబ్దం, నిజమే, కానీ బూడిదైన వాళ్ళలో బ్లాక్ పాంథర్ ఉన్నాడు, అతని సినిమా అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చి సూపర్ హిట్ అయ్యింది, అలాంటి హీరోని ఏ స్టూడియో వదులుకుంటుంది? కథ ఎంత ఏడిపించినా రిలీజ్ క్యాలెండర్ ముందే చెప్పేస్తోంది వస్తాడులే అని. 2019 ఎండ్‌గేమ్‌లో ఐరన్‌మ్యాన్ పోవడం ఎందుకు అంత పనిచేసిందంటే ఇతను ఇంక రాడు అని మనం నిజంగా నమ్మాం కాబట్టి. అదే నటుడు డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నాడని 2024లో ప్రకటించారు, పాత్ర వేరే అయినా ముఖం అదేగా.

కాబట్టి మీరు బాధపడటంలో అర్థం ఉంది. జాక్‌మన్‌ని మళ్ళీ చూసినందుకు సంతోషమేస్తే ఆ సంతోషమూ తప్పు కాదు.

ప్రశ్న: మంచి విలన్లు ఎందుకు తక్కువ?

జవాబు: హీరో చేసే పనే నల్ల డ్రెస్‌లో చేసేవాడిని విలన్‌గా పెట్టేస్తున్నారు కాబట్టి. విలన్ వెళ్ళిపోయాక హీరో మారాడా లేదా అని చూడండి, అదే నా కొలత. 2018 బ్లాక్ పాంథర్‌లో కిల్‌మంగర్ ఓడిపోయాడు గానీ వాదనలో గెలిచాడు, ఇంతకాలం ప్రపంచం నుంచి దాక్కున్న తన దేశం తలుపులు హీరో తెరవాల్సి వచ్చింది. 2000లో వచ్చిన ఎక్స్‌మెన్ అయితే 1944లో నాజీ క్యాంపు గేటు దగ్గర తల్లిదండ్రుల్నించి విడదీసిన పిల్లాడితో మొదలవుతుంది, ఆ పిల్లాడే విలన్ మాగ్నెటో. అతను చేసేది తప్పు అని తెలుస్తూనే ఉంటుంది, కాదు అని గట్టిగా చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఇవే చూస్తానంటాడు. చూపించొచ్చా మేడమ్/సార్?

జవాబు: అన్నీ ఒకే గాటన కట్టకండమ్మా. జోకర్, లోగన్, డెడ్‌పూల్ పెద్దవాళ్ళ కోసం తీసినవి, అమెరికాలోనే వాటికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, మీ బాబుకి వద్దే వద్దు. మిగతావి ఎక్కువ భాగం పీజీ 13, అంటే పదమూడేళ్ళ లోపు పిల్లలకి కొన్ని సీన్లు సరిపడకపోవచ్చు అని తల్లిదండ్రులకి ముందే చెప్పే రేటింగ్. ముందు మీరు చూసి తర్వాత పక్కన కూర్చుని చూపించండి. 2018లో వచ్చిన యానిమేషన్ స్పైడర్‌వెర్స్‌తో మొదలుపెట్టండి, ఆస్కార్ వచ్చిన సినిమా, కామిక్ పేజీకి ప్రాణం వచ్చినట్టుంటుంది, మొదట్లో దూకడానికే భయపడే కుర్రాడి కథ. నాకు పిల్లల విషయంలో దెబ్బలాటల కంటే ఎక్కువ బెంగ ఒకటుంది, బిల్డింగులు కూలుతుంటే లోపల ఉన్నవాళ్ళు ఏమయ్యారో చాలా సినిమాలు చూపించవు. ఆ మాట మీరు అడగండి బాబుని, వాడేం చెప్తాడో వినండి.

ప్రశ్న: ఇన్ని వేల కోట్లు వస్తున్నాయి కదా, ఆ బొమ్మలు గీసినవాళ్ళకి ఏమైనా దక్కిందా?

జవాబు: ఇది అడిగినందుకు చాలా థ్యాంక్స్, ఎవరూ అడగరు. జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1938లో సూపర్‌మ్యాన్ హక్కుల్ని 130 డాలర్లకి రాసిచ్చేశారు. తర్వాత జీవితమంతా కోర్టులూ, ఇబ్బందులే. ఆ 1978 సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతున్న టైమ్‌లో, 1975లో, వాళ్ళ పరిస్థితి పేపర్లకెక్కాక గానీ కంపెనీ ఏటా 20,000 డాలర్ల పెన్షన్ ఇచ్చి పేర్లు వెయ్యడానికి ఒప్పుకోలేదు. బ్యాట్‌మ్యాన్‌ని తయారుచేయడంలో పెద్ద చెయ్యి ఉన్న బిల్ ఫింగర్ 1974లో చనిపోతే, అధికారికంగా ఆయన పేరు వెయ్యడానికి 2015 దాకా పట్టింది. న్యాయం కోసం ప్రాణాలిచ్చే హీరోల కథలమ్ముకుంటూ ఇలా చేయడం క్షమించరానిదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఈ సినిమాల పని అయిపోయినట్టేనా?

జవాబు: అయిపోలేదు, అలసట మాత్రం నిజం. 2019లో ఎండ్‌గేమ్ దాదాపు 279 కోట్ల డాలర్లు తెచ్చింది, 2023లో ద మార్వెల్స్ 20 కోట్లకి కాస్త పైన ఆగిపోయింది. ఆ రెండో సినిమాలో ముగ్గురు హీరోయిన్లు, వాళ్ళలో ఇద్దరి కథ తెలియాలంటే వేరే వేరే వెబ్ సిరీస్‌లు చూసొచ్చి ఉండాలి. టికెట్ కొన్నవాడికి హోంవర్క్ ఇస్తే ఎన్నాళ్ళు చేస్తాడు? మార్వెల్‌కి ఓనరైన డిస్నీకి అప్పటి బాస్ బాబ్ ఐగర్ 2024లో ఇకపై ఏడాదికి రెండు, మహా అయితే మూడు మార్వెల్ సినిమాలే అన్నారు, మంచిదే.

ఒక్క సంగతి మాత్రం వీళ్ళు గుర్తుచేసుకుంటే బాగుంటుంది. మార్వెల్ 1996లో దివాలా తీసింది, స్పైడర్‌మ్యాన్, ఎక్స్‌మెన్ లాంటి పేరున్న పాత్రల సినిమా హక్కులు వేరే స్టూడియోల చేతుల్లో ఉన్నాయి, మిగిలిన వాటిలో కొన్ని పాత్రల హక్కుల్ని తాకట్టు పెట్టి 2005లో 52.5 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేసుకున్నారు, ఆ డబ్బుతో తీసిందే 2008 ఐరన్‌మ్యాన్. జనానికి పెద్దగా తెలియని పాత్ర, అప్పటికి మార్కెట్ లేని నటుడు, ఆడకపోతే కంపెనీకే ముప్పు. ఆ భయం ఆ సినిమాలో ప్రతి సీన్‌లోనూ కనిపిస్తుంది, గుహలో తుక్కు ఇనుముతో కవచం చేసుకునే సీన్లు ఇప్పుడు చూసినా తాజాగా ఉంటాయి. ఇప్పుడు తీసేవాళ్ళకి ఆ భయం కాస్త ఉండాలి.

ప్రశ్న: నేను ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదు. లిస్ట్ ఇవ్వకుండా రెండు మూడు చెప్పండి చాలు.

జవాబు: మొదట 1978 సూపర్‌మ్యాన్, తర్వాత స్పైడర్‌మ్యాన్ 2, ఆ తర్వాత డార్క్ నైట్. స్పైడర్‌మ్యాన్ 2కి ముందు మొదటి భాగం చూస్తే ఇంకా బాగుంటుంది, చూడకపోయినా కథ అర్థమవుతుంది. లోగన్ ఇప్పుడే వద్దు, పాత ఎక్స్‌మెన్ రెండు సినిమాలైనా చూశాక, ఆ మనిషి మీకు కాస్త దగ్గరయ్యాక చూడండి.