నాలుగున్నరేళ్ల పాపకు కోడింగా, అబాకస్సా?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. ఉచిత డెమో క్లాస్ అంటే ఈమధ్య ఒక సంస్థకు తీసుకెళ్లాం. అక్కడ పాప వేలిముద్రలు స్కాన్ చేసి, లాజికల్ బ్రెయిన్ వీక్‌గా ఉందని రిపోర్ట్ ఇచ్చారు. ఆరేళ్లు దాటితే ఇక సరిచేయలేమట. రెండేళ్ల కోడింగ్ ప్రోగ్రామ్‌లో చేర్చమంటున్నారు. మా ఆయన అబాకస్ చాలంటున్నారు. పాప ఏ పనీ నిలకడగా చేయదు. వదిలేస్తే గ్లాసుల్లో నీళ్లు అటూ ఇటూ పోసుకుంటూ గంట గడిపేస్తుంది. మొన్న పజిల్ ఇస్తే "నా బ్రెయిన్ వీక్ కదా" అని పక్కన పెట్టేసింది. తోటి పిల్లలంతా అప్పుడే ఏదో ఒక క్లాసుకు వెళ్తున్నారు. రెండింటిలో ఏది మంచిది? ఇప్పటికే ఆలస్యం చేశామా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. ఆలస్యం ఏమీ కాలేదు. నాలుగున్నరేళ్లకు ఆలస్యమైపోయే కెరీర్ ఏదీ నాకు తెలియదు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. క్లాసు పేరు మారుతూ ఉంటుంది, అంతే. ఒకప్పుడు ఫ్లాష్ కార్డులు, తర్వాత డీవీడీలు, ఆ తర్వాత కళ్లకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, ఇప్పుడు కోడింగ్. అడిగే గొంతులో భయం మాత్రం ఒకటే: "నేను ఇప్పుడు ఏమీ చేయకపోతే, రేపు నా బిడ్డ వెనకబడితే, తప్పు నాదేనా?" ఈ భయం ప్రేమలోంచే వస్తుంది. అమ్మేవాళ్లకు అది బాగా తెలుసు.

ముందు ఆ రిపోర్ట్ సంగతి. వేలి కొసల మీద గీతలు బిడ్డ కడుపులో ఉండగానే, దాదాపు పదో వారం నుంచి ఏర్పడతాయి. ఆరో నెలకల్లా ఖాయమైపోతాయి. ఆ తర్వాత జీవితాంతం మారవు. మరి మారని గీతల్లో లోపం కనబడిందంటే, రెండేళ్ల క్లాసుతో అది ఎలా సరవుతుంది? క్లాసుతో సరయ్యేదైతే అది వేలిముద్రలో ఎలా కనబడుతుంది? డౌన్ సిండ్రోమ్ లాంటి కొన్ని జన్యు సమస్యల్లో అరచేతి గీతలు కాస్త వేరుగా ఉండటాన్ని డాక్టర్లు గమనిస్తారు, అది నిజమే. ఆ చిన్న నిజాన్ని పట్టుకుని ఒక పెద్ద వ్యాపారం కట్టేశారు. లెక్కలు వస్తాయా, సంగీతం వస్తుందా అని వేలిముద్ర చూసి చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. రిపోర్ట్‌లో రంగురంగుల గ్రాఫులు, శాతాలు ఉంటాయి. శాతం కనబడగానే మనం నమ్మేస్తాం.

ఇక్కడ మీతో కాస్త కటువుగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. ఆ రిపోర్ట్ పాప వింటుండగా ఎందుకు చదివించుకున్నారు? నాలుగున్నరేళ్ల పిల్లకు లాజిక్ అంటే ఏమిటో తెలియదు. వీక్ అంటే మాత్రం తెలుసు. తన గురించి అమ్మానాన్నలు దిగులు పడుతున్నారని తెలుసు. పజిల్ పక్కన పెట్టేసింది మెదడు బలహీనమై కాదు, తనకు రాదని పెద్దవాళ్లే చెప్పారు గనక. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన వాక్యం అదొక్కటే. మీరేమో దాన్ని సంస్థ చెప్పిన మాటకు సాక్ష్యంగా రాశారు! ఆ కాగితం ఈరోజే చించేయండి. "వాళ్లు చెప్పింది తప్పు, మేమే పొరపాటున నమ్మాం" అని పాపకు నోరారా చెప్పండి. ఒక్కసారి చెప్తే చాలదు, నాలుగైదు సార్లు చెప్పాల్సి వస్తుంది.

ఇక "ఆరేళ్లు దాటితే తలుపు మూసుకుంటుంది" అనే మాట. దీని వెనక అసలైన సైన్స్ కొంత ఉంది, అందుకే ఇది నమ్మబుద్ధవుతుంది. హ్యూబెల్, వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచి చూశారు. ఆ వయసులో కన్ను చూసే అవకాశం లేకపోతే, తర్వాత దాన్ని తెరిచినా మెదడు దాని చూపును సరిగా వాడుకోలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. పుట్టుకతో శుక్లం ఉన్న పసిపిల్లలకు ఆపరేషన్ వీలైనంత తొందరగా చేసేది ఇందుకే. అయితే ఆ కన్నుకు కావాల్సింది చుట్టూ ఉన్నది మామూలుగా చూడటమే, ప్రత్యేకమైన క్లాసు కాదు. చూపు విషయంలో తేలినదాన్ని కోడింగ్ దాకా సాగదీసింది శాస్త్రవేత్తలు కాదు, ప్రకటనలు రాసేవాళ్లు. "ఐదేళ్లకే మెదడు 90 శాతం పెరిగిపోతుంది" అనే లైన్ కూడా అంతే. ఆ 90 శాతం మెదడు సైజు గురించి. నేర్చుకునే శక్తిలో 10 శాతమే మిగులుతుందని దానర్థం కాదు.

ఇలా సాగదీయడం ఎంతదాకా పోతుందో చెప్పడానికి మోజార్ట్ కథ ఒక్కటి చాలు. 1993లో ఒక ప్రయోగం చేశారు. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్నాక, ఆకారాలను మనసులో ఊహించే పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. అందులో పసిపిల్ల ఒక్కరూ లేరు. అయినా 1998కల్లా అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ పంచాలని బడ్జెట్‌లో డబ్బు అడిగారు. చదువుకున్నవాళ్లు, పదవుల్లో ఉన్నవాళ్లే నమ్మారు. మీరు నమ్మినందుకు సిగ్గుపడక్కర్లేదు.

ఇంకొకటి చెప్తాను, ఇది గుర్తుపెట్టుకోండి. పసిపిల్లలకు చదవడం నేర్పిస్తామంటూ అమెరికాలో "యువర్ బేబీ కెన్ రీడ్" అనే ప్రోగ్రాం విపరీతంగా అమ్ముడైంది. దాని ప్రకటనల్లో చెప్పినదానికి ఆధారం లేదని అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో కేసు పెట్టింది. 2014లో పరిశోధకులు 117 మంది పసివాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏడు నెలలు ఆ ప్రోగ్రాం వాడించారు. తర్వాత 14 రకాలుగా కొలిచి చూస్తే 13 కొలతల్లో రెండు గుంపులకూ తేడా లేదు. తేడా వచ్చిన ఆ ఒక్కటీ ఏమిటో తెలుసా? తల్లిదండ్రుల నమ్మకం! మా బిడ్డ చదవడం నేర్చుకుంటోందని వాడినవాళ్లు గట్టిగా నమ్మారు. పిల్లల పరీక్షల్లో మాత్రం అది కనబడలేదు. డబ్బు కట్టాక మన మనసు కుదుటపడుతుంది, ఆ నెమ్మది మన కళ్లకు బిడ్డ ఎదుగుదలలా కనిపిస్తుంది.

ఇప్పుడు కోడింగ్. దీని మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి, దాచుకోను. పిల్లలకు ప్రోగ్రామింగ్ అనే ఆలోచన చెడ్డది కాదు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్ అనే గణిత శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తెర మీది తాబేలును ఇటు తిప్పు, అటు నడిపించు అంటూ పిల్లలు బొమ్మలు గీస్తారు. పిల్లలు తమ ఆలోచనను తామే చూసుకుని తప్పులు దిద్దుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. ఉద్యోగాల ఊసు అందులో లేదు. రంగు డబ్బాల్లాంటి ఆదేశాలను లాగి పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్, ఇప్పుడు చాలా క్లాసుల్లో వాడేది, 2007లో వచ్చింది, అది ఎనిమిదేళ్లు దాటినవాళ్ల కోసం చేసింది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకని స్క్రాచ్ జూనియర్ 2014లో వచ్చింది. రెండూ పూర్తిగా ఉచితం. తయారుచేసినవాళ్లే ఐదేళ్ల నుంచి అంటుంటే, నాలుగున్నరేళ్ల పిల్లకు ఇది అత్యవసరమని ఫీజు తీసుకునేవాళ్లు చెప్తున్నారు.

ఇలాంటి డెమో క్లాసులో ఒకసారి నేనూ వెనక కూర్చున్నాను. టీచర్ స్క్రీన్ మీంచి "ఆ పసుపు డబ్బాను ఇక్కడికి లాగమ్మా" అంది. బాబు వేలు జారింది. వాళ్లమ్మ బాబు వేలి మీద తన వేలు పెట్టి లాగించింది. తెర మీద పిల్లి నాలుగడుగులు వేసింది. వెంటనే చప్పట్లు, "మీ బాబు తన మొదటి గేమ్ తయారుచేశాడు" అని సర్టిఫికెట్. అంతా అయ్యాక నేను పక్కన కూర్చుని, "నాన్నా, పిల్లి వెనక్కి నడవాలంటే ఏం చేద్దాం?" అని అడిగాను. వాడు తెర వైపు చూడలేదు, వాళ్లమ్మ ముఖంలోకి చూశాడు. క్లాసులో వాడు నేర్చుకున్నది చెప్పినట్టు చేయడం. ప్రోగ్రామింగ్‌కు అసలు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

"అప్పటికి ఉద్యోగాలన్నీ ఏఐవే, ఇప్పుడే మొదలుపెట్టాలి" అని కూడా చెప్పి ఉంటారు. మీ పాప ఉద్యోగానికి వెళ్లేది పదిహేడు, పద్దెనిమిదేళ్ల తర్వాత. యాపిల్ యాప్ స్టోర్ వచ్చిందే 2008లో. 2004లో నాలుగేళ్ల పిల్ల ఉన్న తల్లికి యాప్ డెవలపర్ అనే మాటే తట్టే అవకాశం లేదు. అయినా ఆ తరం పిల్లలు పెద్దయ్యాక ఆ పని నేర్చుకున్నారు, చేస్తున్నారు. నా దగ్గరికి కెరీర్ సలహా కోసం పదిహేడేళ్ల పిల్లలు వస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో ఎవరు నిలబడతారు, ఎవరు మధ్యలో వదిలేస్తారు అన్నది నాలుగేళ్లప్పుడు ఏ క్లాసుకు వెళ్లారన్న దాన్నిబట్టి తేలడం నేనెప్పుడూ చూడలేదు. తప్పు వస్తే కూర్చుని వెతుక్కునే ఓపిక ఉందా, తనకేది ఇష్టమో చెప్పుకోగలరా అన్నదాన్నిబట్టి తేలుతుంది. సాయంత్రాలన్నీ క్లాసులతో నిండిపోయిన పిల్లల్లో కొందరిని "నీకేది ఇష్టం?" అని అడిగితే బిక్కముఖం వేస్తారు. వాళ్లను ఎవరూ ఎప్పుడూ ఖాళీగా ఉండనివ్వలేదు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన సుమారు వెయ్యి మంది పిల్లలను ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నారు. చిన్నప్పుడు తమను తాము కాస్త అదుపు చేసుకోగలిగినవాళ్లు, అంటే తమ వంతు వచ్చేదాకా ఆగగలిగిన, కష్టమనిపించినా వదిలేయకుండా ఉండగలిగిన పిల్లలు, ముప్ఫై రెండేళ్లకు ఆరోగ్యంలోనూ డబ్బు విషయంలోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ అలవాటు ఆటల్లో వస్తుంది, తోటి పిల్లలతో పోట్లాడి రాజీపడటంలో వస్తుంది. చదువు తొందర గురించి కూడా అక్కడే ఒక పరిశోధన జరిగింది. ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టినవాళ్లకూ, ఏడేళ్లకు మొదలుపెట్టినవాళ్లకూ పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా కనబడలేదు.

అబాకస్ గురించి అడిగారు. దాంతో అంకెల లెక్కలు వేగంగా చేయడం నిజంగా వస్తుంది. ఆ వేగం మొత్తం గణితానికో, తెలివికో పాకుతుందని మాత్రం నమ్మకంగా చెప్పలేం. ఏడెనిమిదేళ్లప్పుడు పాపకు సరదా అనిపిస్తే పంపండి. ఇప్పుడైతే మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టడం చాలు. రెండింటిలో ఏదో ఒకటి తప్పదంటే మీ ఆయన చెప్పిందే నయం. కానీ రెండూ తప్పనిసరి కాదు.

ఈరోజో రేపో వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. "అమ్మానాన్నలిద్దరూ తప్పక రావాలి" అంటారు, ఇంటికెళ్లి మాట్లాడుకుని చెప్తామనే వీలు మీకు ఉండకూడదని. "ఈ రాత్రికే ఆఫర్, రెండు సీట్లే ఉన్నాయి" అంటారు. నిజంగా పిల్లకు పనికొచ్చేదైతే వచ్చే నెలలో కూడా పనికొస్తుంది కదా? ఎక్కడ చేరినా సరే, నెలనెలా కట్టే వీలుందా, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాసిస్తారా అని అడగండి. ఈఎంఐ అన్నారంటే అది చాలాసార్లు మీ పేరు మీద మూడో కంపెనీ దగ్గర తీసే అప్పు. పాప మానేసినా అప్పు ఆగకపోవచ్చు. సంతకం చేసేముందు రెండుసార్లు చదవండి.

పాప మాట స్పష్టంగా లేకపోయినా, పిలిస్తే పలకకపోయినా, తోటివాళ్లతో అసలు కలవకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. అందులో మాత్రం ఆలస్యం వద్దు. మీరు రాసినదాన్నిబట్టి అలాంటిదేమీ నాకు కనబడలేదు. రోజూ రాత్రి పక్కన కూర్చుని ఒక కథ చదవండి. ఈ వయసు పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని, స్క్రీన్ గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆన్‌లైన్ క్లాస్ తినేసేది ఈ సమయాన్నే.

పాప నిలకడగా ఏదీ చేయదని రాశారు, ఆ వెంటనే గంటసేపు నీళ్లతో గడుపుతుందని రాశారు. గంట నిలకడ కాదా అమ్మా? ఈ వయసులో దాదాపు పిల్లలందరూ నీళ్లు ఎత్తుగా కనిపిస్తే ఎక్కువనే అనుకుంటారు. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త సరిగ్గా ఇలాంటి గ్లాసులతోనే పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చూశాడు. రేపు మీరూ పాప పక్కన కూర్చోండి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని సమానంగా నీళ్లు పోయించండి. ఒకదానిలోవి పొడవాటి సన్నగ్లాసులోకి వంపమని చెప్పి, "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. సన్నగ్లాసులోనే అంటుంది. తప్పు అనకండి. "ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడిగి, ఏం చెప్తుందో వినండి. ఇదే ప్రశ్న ఆరు నెలలకోసారి అడగండి. ఒకరోజు మీరు అడగకముందే ఆ నీళ్లను మళ్లీ పాత గ్లాసులోకి వంపి, "చూడు, ఇవే కదా!" అని తనే చూపిస్తుంది.