ఇంగ్లండ్‌లో పబ్బులు మధ్యాహ్నం పూట ఎందుకు మూసేసేవారు?

మొదటి ప్రపంచయుద్ధం వల్ల. అంతకుముందు లండన్ పబ్బులు తెల్లవారుజామున 5 గంటలకే తెరిచి అర్ధరాత్రి దాటేదాకా నడిచేవి. ఆయుధ కర్మాగారాల కార్మికులు తాగి పనికి రావడం లేదని 1915లో అప్పటి బ్రిటన్ ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ గట్టిగా పట్టుబట్టారు. జర్మనీ, ఆస్ట్రియాల కన్నా మద్యమే పెద్ద శత్రువని కూడా అన్నారు. దాంతో ఒక మద్య నియంత్రణ బోర్డు ఏర్పడింది. చాలా ప్రాంతాల్లో మధ్యాహ్న భోజనవేళ రెండున్నర గంటల సేపు, సాయంత్రం మూడు గంటల సేపే అమ్మకం; మధ్యలో మూతే. పబ్బులో స్నేహితుడికి ఓ బీరు కొనిచ్చినా నేరమే, భోజనంతో పాటైతే తప్ప! ఉత్తర ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణంలో అయితే పబ్బులనే ప్రభుత్వం కొనేసి, 1970ల మొదట్లో గానీ వదల్లేదు.

యుద్ధం ముగిసినా 1921 చట్టం మధ్యాహ్నపు విరామాన్ని అలాగే ఉంచింది. దీని వెనుక పాత రాజకీయం ఉంది: మద్యవ్యతిరేక ఉద్యమం ఎక్కువగా లిబరల్ పార్టీ వైపు, బీరు తయారీదారులు కన్జర్వేటివ్‌ల వైపు. అత్యవసరమని తెచ్చిన ఆంక్ష డెబ్బై ఏళ్లు జనం నెత్తిన కూర్చోవడం నా దృష్టిలో అన్యాయం. 1988లో మామూలు రోజుల్లో, 1995లో ఆదివారాల్లో అది పోయింది. 2003 చట్టంతో లైసెన్సులు మేజిస్ట్రేట్ల నుంచి స్థానిక కౌన్సిళ్ల చేతికి వెళ్లాయి.