"సార్" నుంచి "అన్నా" వరకు, అక్కడి నుంచి "బ్రో" వరకు

మీ అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరి రెండు నెలలైనా సీనియర్లెవరూ పరిచయం కాలేదనీ, మన రోజుల్లో ఉన్న అన్నదమ్ముల ఆప్యాయత ఇప్పుడు ఏమైందనీ అడిగారు. మూడు తరాలను దగ్గరగా చూసినవాడిని కనుక, ఆ ఆప్యాయత మనం గుర్తు చేసుకునేంత పాతదీ కాదు, అంత నిష్కల్మషమైనదీ కాదు అని ముందుగా చెప్పాలి.

మా నాన్నగారు 1960ల చివర వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. తోటి విద్యార్థులను "ఏమండీ" అనీ, ఇంటిపేరుకు "గారు" చేర్చీ పిలుచుకునేవారట. "ఏరా" అనుకునేంత చనువు ఏడాది గడిచాక, అదీ ఒకే గదిలో ఉన్నవారి మధ్యనే కుదిరేదట.

నేను 1994లో కృష్ణా జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చేరేనాటికి ఆ మర్యాద స్థానంలో భయం వచ్చి కూర్చుంది. సీనియర్ ఎదురుపడితే మన చొక్కా మూడో గుండీ మీద చూపు నిలిపి "సార్" అనాలి. ఫ్రెషర్స్ డే ముగిసిన మర్నాటి నుంచి ఆ సారే "అన్నా" అయిపోయేవాడు. నన్ను ఒక రాత్రి మెస్ బయట గంటసేపు నిలబెట్టిన వ్యక్తే తరువాత ఇంజనీరింగ్ డ్రాయింగు గీసే పరికరమైన తన మినీ డ్రాఫ్టర్‌నూ, మొదటి సంవత్సరం పుస్తకాలనూ నా చేతిలో పెట్టాడు; ఆ డ్రాఫ్టర్‌ను నేను మరొకరికి ఇచ్చాను. మనం కథలుగా చెప్పుకునేది ఈ రెండో సగాన్నే. మొదటి సగాన్ని తట్టుకోలేక మూడో వారంలోనే ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లి, సొంత ఊళ్లో బి.ఎస్‌సి.లో చేరిన నా గదివాడు ఏ పూర్వవిద్యార్థుల సమావేశానికీ రాడు కనుక, అతని కథ ఎవరికీ వినపడదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో, నా చదువు ఇంకా పూర్తికాకముందే వచ్చింది. అయితే క్యాంపస్ రూపాన్ని నిజంగా మార్చినవి, నాకు తెలిసినంతలో, 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు: కొత్తవారికి వేరుగా వసతి, విద్యార్థీ తల్లిదండ్రులూ ఇద్దరూ ఇవ్వవలసిన ప్రమాణపత్రాలు. నిరుడు మా అమ్మాయి కోసం నేనూ సంతకం చేశాను, సంతోషంగానే చేశాను. కానీ భోజనాల బల్ల వేరైతే పరిచయాలూ వేరవుతాయి. డ్రాయింగు కంప్యూటర్ మీదికి మారాక చేతులు మారడానికి డ్రాఫ్టరూ లేదు, పాత ప్రశ్నపత్రాలేమో వాట్సాప్‌లో ఒక్క క్షణంలో అందుతున్నాయి.

అంతమాత్రాన స్నేహభావం పోయిందనలేను. మా అమ్మాయి రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్, పరీక్షకు ముందు రోజు మొరాయిస్తే, ఎన్నడూ ముఖం చూడని రెండో సంవత్సరం విద్యార్థి అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఉండి సరిచేయించాడు. ఆమె అతన్ని "బ్రో" అంటుంది (ఆడపిల్లలనూ అదే అంటుంది, అది నా చెవికి ఇంకా పట్టలేదు). వారం తరువాత ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కన నిలబడి కూడా ఒకరినొకరు గుర్తుపట్టలేదట.

మీ అబ్బాయిని ఆటస్థలానికో, విద్యార్థుల సేవా పథకమైన ఎన్‌ఎస్‌ఎస్‌కో, కళాశాల ఉత్సవం పనులకో పంపండి. అన్ని సంవత్సరాలవారూ కలిసి చెమటోడ్చే చోట్లు ఇప్పుడు దాదాపుగా అవే.