హెడ్డింగ్‌లో కర్త ఎక్కడ ఉన్నాడో చూడండి

వార్తల భాషలో భావజాలం నిజంగానే ఉంటుందా, లేక చదివేవాళ్లే ఊహించుకుంటారా అని అడిగారు. ఉంటుంది. ఓ దినపత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా కొన్నేళ్లు పనిచేశాను, అది నా చేతి మీదుగానే వెళ్లింది.

చాలామంది విశేషణాల కోసం వెతుకుతారు. వాటిని డెస్క్‌లో ఎలాగూ కొట్టేస్తారు. అసలు సంగతి క్రియ దగ్గర ఉంటుంది. చేరిన కొత్తలో ఒక రాత్రి 'కాల్పుల్లో ముగ్గురు ఆందోళనకారుల మృతి' అని హెడ్డింగ్ పెట్టాను. మా ఇన్‌ఛార్జి చూసి 'కాల్చిందెవరు?' అన్నారు, అంతే. కాల్పులు జరిపామని పోలీసులే చెప్పిన మాట ఆ వార్త రెండో పేరాలో ఉంది, అయినా నా హెడ్డింగ్‌లో పోలీసులు లేరు. నేను ఎవరినీ కాపాడాలనుకోలేదు, రోజూ చదివి చదివి చేతికి పట్టిన అలవాటు అలా రాయించింది, నన్ను భయపెట్టింది కూడా అదే. ఆయన 'కాల్పుల్లో' అన్న మాటకు ముందు 'పోలీసు' అని ఒక్క మాట చేర్చి పంపేశారు.

ఇది ఒక్క భాష జబ్బు కాదు. 1975 జూన్‌లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) రాజధాని సాలిస్‌బరీలో పోలీసులు నల్లజాతి జనంపై కాల్పులు జరిపితే, లండన్‌లో గార్డియన్ పత్రిక హెడ్డింగ్ 'పోలీసులు' అనే మాటతో మొదలైంది, టైమ్స్ హెడ్డింగ్ 'అల్లర్లు చేస్తున్న నల్లవాళ్లు' అంటూ మొదలైంది, పోలీసులు ఆ తర్వాతే వచ్చారు. అదే దశకంలో బ్రిటన్ టీవీ వార్తలను పరిశీలించిన గ్లాస్గో యూనివర్సిటీ మీడియా గ్రూప్ మరోటి పట్టుకుంది: సమ్మె వార్తల్లో యాజమాన్యం 'ప్రతిపాదిస్తుంది', కార్మికులు మాత్రం 'డిమాండ్ చేస్తారు'. ఇద్దరూ మాట్లాడేది అదే జీతం గురించి.

తెలుగులో ఇంకో చిక్కుంది, గౌరవ వాచకం. కేసు నాయకుడి మీదైతే 'ఆయన అన్నారు', జేబుదొంగ మీదైతే 'అతను అన్నాడు'. ఇద్దరిపైనా ఉన్నది ఇంకా రుజువు కాని ఆరోపణే కదా! దీని మీద డెస్క్‌లో చాలాసార్లు వాదించాను, ఎక్కువసార్లు ఓడిపోయాను.

అలాగని ప్రతి 'మృతి' వెనకా ఉద్దేశం వెతక్కండి. కాల్చిందెవరో తేలని రాత్రి అలా రాయడమే సరైనది. అది తేలిన మర్నాడు కూడా హెడ్డింగ్ అలాగే ఉంటే అప్పుడు అనుమానించండి. ఒకే ఘటన మీద రెండు పత్రికల మొదటి వాక్యాలు పక్కపక్కన పెట్టుకుని, ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అని మాత్రం చూడండి, వారం రోజుల్లో మీ కన్నే పట్టేస్తుంది.