పీహెచ్‌డీలో చేరాలనుకుంటున్న మా బిడ్డకు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎమ్మెస్సీ కాగానే పీహెచ్‌డీలో చేరమంటారా, ఉద్యోగం చూసుకోమంటారా అని అడిగావు. రెండు పేజీల ఉత్తరంలో సీట్ల గురించి, నోటిఫికేషన్ల గురించి రాశావు గానీ, నీకెందుకు చేరాలనిపించిందో ఒక్క వాక్యమైనా రాయలేదు. ముందు అది తేల్చుకో.

నా సంగతి చెబుతాను. మర్రిగూడ ప్రాంతంలో మేం చదువుకున్న బడిలో పిల్లలందరి పళ్ల మీదా గోధుమరంగు చారలు ఉండేవి. పై ఊరి నుంచి వచ్చిన సారు పళ్లు తెల్లగా ఉండటమే మాకు వింతగా తోచేది. మా నాయనమ్మ నడుము వంగిపోయి, నేలను చూస్తూనే నడిచేది. రెండింటికీ కారణం మేం తాగే నీళ్లలోని ఫ్లోరైడే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదని తరువాత పుస్తకాల్లో చదివాను. అయితే ఒకే ఊళ్లో ఒక బోరులో అది ఎక్కువగా, పక్క బావిలో తక్కువగా ఎందుకుంటుందన్న ప్రశ్న నన్ను వదలలేదు. గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరుగుతుందని, నీరు రాతి పగుళ్లలో ఎక్కువకాలం నిలిచి, అందులో కాల్షియం తగ్గిన కొద్దీ అది పెరుగుతుందని మా ఊళ్ల నీళ్లలోనే చూసి రూఢి చేసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని 'నల్లగొండ టెక్నిక్' అంటారని మొదటిసారి చదివిన రోజున, మన జిల్లా పేరు అలా నిలిచినందుకు గర్వపడాలో బాధపడాలో తెలియలేదు.

సైకిలుకు గోనెసంచి కట్టుకొని ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవాణ్ణి. ఒక ముసలమ్మ చెంబు నిండా నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇవి తాగొచ్చా కొడుకా, చెప్పు" అని అడిగింది. నా పరిశోధనను పర్యవేక్షించే గైడ్ నా సిద్ధాంత గ్రంథాన్ని చదవకుండా ఎనిమిది నెలలు బల్ల మీదే ఉంచినప్పుడు మానేద్దామనుకున్న నన్ను ఆపింది ఆ చెంబే.

పేరు ముందు 'డాక్టర్' అని ఉండాలన్న కోరిక మొదటి ఏడాది దాటి నిలవదు. ఫెలోషిప్ కోసం చేరడంలో తప్పులేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 ఇస్తారు, ఇంటికి అది ఆసరానే. అయితే ఆ డబ్బు ఆగిపోయాక కూడా ఆ పని చేయాలనిపిస్తుందా అని నిన్ను నువ్వు అడుగు. పెళ్లి సంబంధాలు వాయిదా పడతాయన్నదే అసలు కారణమైతే, ఆ మాట మీ నాన్నతో నేరుగా చెప్పు, నేను పక్కన కూర్చుంటాను. అందుకోసం అయిదేళ్లు ఒక ల్యాబులో తలదాచుకోవద్దు. 2022 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు ఉంటుంది. ఆడపిల్లలకు మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు కూడా ఇవ్వవచ్చు. కాబట్టి పెళ్లయితే చదువు ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు.

మా రోజుల్లో ఇక్కడ విశ్వవిద్యాలయం లేక హైదరాబాదు పోయాను. 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చాక నీకు ఆ ఇబ్బంది లేదు. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైటులో రెండైనా చదువు, ఆయన దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లతో విడిగా మాట్లాడు.

దసరాకు ఇంటికి వస్తావు కదా. నీ కారణాలను నీ మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకొని తీసుకురా. బావుల లెక్కలు రాసుకున్న నా పాత నోటుపుస్తకాలు అటక మీద ఉన్నాయి, దింపి పెడతాను.

మీ పెద్దనాన్న