స్కాన్‌లో బిడ్డకు పుర్రె ఏర్పడలేదన్నారు. క్రైస్తవురాలిగా అబార్షన్ చేయించుకోవచ్చా?

అమ్మాయ్, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కావలిలో ఉంటావు, పంతొమ్మిదో వారం. టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) బిడ్డకు పుర్రె పైభాగం ఏర్పడలేదని, అనెన్‌సెఫలీ అని రాసిచ్చారు. మీ పాస్టరయ్యగారేమో "తీయిస్తే హత్యే, బాప్టిస్టులు మొదట్నుంచీ చెప్పేది ఇదే" అన్నారు. మీ ఆయన తరఫు వాళ్ళు ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు, వాళ్ళూ వద్దంటున్నారు. అబార్షన్ ఎప్పుడైనా ఒప్పవుతుందా, ఆ తర్వాత ప్రభువు బల్లలో, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలు పొందవచ్చా అని అడిగావు.

నేనూ బాప్టిస్టునే. కందుకూరు దగ్గర పల్లె మాది. ముప్పై రెండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. మొదటి ఆరేళ్ళు నెల్లూరులో కాథలిక్ సిస్టర్లు (కన్యాస్త్రీలు) నడిపే ఆసుపత్రిలో, తర్వాత ఒంగోలు వైపు గవర్నమెంటులో. వేదాంతం చదవలేదు. చూసింది, నాకు జరిగింది చెబుతాను.

పెళ్ళయిన రెండో ఏడు నాకు నెల తప్పింది. యాభై రోజులప్పుడు నైట్ డ్యూటీలో ఉండగా పొత్తికడుపులో ఒక పక్కన పొడిచినట్టు నొప్పి వచ్చి కింద పడిపోయాను. గర్భం ట్యూబులో నిలిచి, ట్యూబు పగిలింది. ఆ రాత్రి థియేటర్ సిద్ధం చేసింది ఒక కాథలిక్ సిస్టర్. అబార్షన్ కేసంటే ట్రాలీ కూడా తొయ్యని మనిషి ఆమె. నాకు రక్తం కావాలంటే హాస్టల్‌కి పోయి ట్రైనింగ్ పిల్లల్ని నిద్ర లేపింది కూడా ఆమే. కాస్త తేరుకున్నాక అడిగాను, "సిస్టర్, మరి నాకు చేసింది అబార్షన్ కాదా?" అని. "ట్యూబు పాడైంది, ట్యూబు తీశాం. బిడ్డ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు" అంది.

కాథలిక్ బోధలో అసలు మెలిక ఇక్కడే ఉంది. కావాలని, నేరుగా బిడ్డ ప్రాణం తీయడం ఏ కారణానికైనా తప్పు. తల్లి రోగానికి చేసే వైద్యంలో, మనం కోరకపోయినా బిడ్డ పోతే అది వేరే లెక్క. గర్భిణికి గర్భసంచి క్యాన్సర్ వస్తే సంచి తీసేయడాన్నీ ఇలాగే ఒప్పుకుంటారు. మాట బాగానే ఉంది కానీ ఒక చిక్కుంది. ట్యూబులో గర్భాన్ని తొందరగా కనిపెడితే ఇప్పుడు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో కరిగిస్తారు, ట్యూబు మిగులుతుంది. ఆ ఇంజెక్షన్ నేరుగా పిండం మీద పనిచేస్తుంది కాబట్టి తప్పని కొందరు కాథలిక్ పండితులు, కాదని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ట్యూబు పోగొట్టుకుంటే ఒప్పు, నిలబెట్టుకుంటే అనుమానం! ఆ సిస్టర్ మీద ఎంత గౌరవం ఉన్నా ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా వైపు సంగతి చూడు. మా అయ్యగారు ఆసుపత్రికొచ్చి ప్రార్థన చేశారు, ఇంటికొచ్చాక స్త్రీల సమాజంలో నాతో సాక్ష్యం చెప్పించారు. హత్య అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఏ కారణానికైనా తప్పేనని గట్టిగా చెప్పేవాళ్ళు కూడా తల్లి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక దారి వదిలిపెడతారని నాకప్పుడే అర్థమైంది. ఆ దారి మూసేస్తే ఏమవుతుందో 2012లో ఐర్లండ్‌లో చూశాం. సవితా హలప్పనవర్ మన కర్ణాటక అమ్మాయి, 31 ఏళ్ళు. పదిహేడో వారంలో గర్భం జారిపోతుంటే, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందని అబార్షన్ చెయ్యలేదు. ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయింది.

నీకు ఇప్పుడు ప్రాణాపాయం లేదు, కాబట్టి నీది ఇంకా కష్టమైన ప్రశ్న, నాకు తెలుసు.

బాప్టిస్టులు మొదట్నుంచీ ఒకటే మాట మీద ఉన్నారనడం మాత్రం నిజం కాదు. 1971లో అమెరికాలో సదరన్ బాప్టిస్టులే అత్యాచారం, బిడ్డకు తీవ్రమైన లోపం, తల్లి ఆరోగ్యం లాంటి కారణాలకు చట్టం అబార్షన్‌ను అనుమతించాలని తీర్మానం చేశారు. తర్వాత మనసు మార్చుకుని, 2003లో ఆ పాత తీర్మానానికి పశ్చాత్తాపం కూడా చెప్పారు. మన మిషన్ ఆ సదరన్ వాళ్ళది కాదు. 1840లో నెల్లూరు వచ్చి, తర్వాత ఒంగోలు దాకా సంఘాలు నాటిన అమెరికన్ బాప్టిస్టుల సంగతి వేరు. వాళ్ళు 1988లో, ఈ విషయంలో మా విశ్వాసుల మధ్యే ఏకాభిప్రాయం లేదని ఒప్పుకుంటూ ప్రకటన ఇచ్చారు. అబార్షన్‌ను కుటుంబ నియంత్రణలా వాడకూడదని కూడా అందులోనే చెప్పారు.

అయ్యగారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అపొస్తలుల తర్వాతి తరాల నాటి డిడాకే అనే చిన్న పుస్తకంలోనే గర్భంలో బిడ్డను చంపవద్దని ఉంది. అంటే ఆయన మాట ఇవాళ పుట్టింది కాదు. వాక్యాలూ ఉన్నాయి. యిర్మీయాను గర్భంలో రూపించకముందే దేవుడు ఎరుగును. 139వ కీర్తన సరేసరి. మరియ వందనం వినగానే ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులు వేశాడు. వీటిని చదివి కడుపులోది ఉత్త మాంసం ముద్ద అని నేను అనలేను, ఎవరైనా అంటే ఊరుకోను కూడా. కానీ నిర్గమకాండం 21:22 తెరిచి చూడు. కొట్లాటలో గర్భవతికి దెబ్బ తగిలి "గర్భపాతమే గాక మరి ఏ హానియు" లేకపోతే కొట్టినవాడు జరిమానా కట్టాలి. తల్లికి హాని జరిగితే ప్రాణానికి ప్రాణం. మన తెలుగు బైబిల్లో ఇలా ఉంది. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో గర్భపాతం అన్నచోట నెలలు నిండకుండా కాన్పు అని ఉంటుంది. అలా చదివితే అర్థం తిరగబడుతుంది. పండితులే తేల్చని దాన్ని ఒక్క వాక్యం చూపించి నీ మీద విసరడం సరికాదు.

సిస్టర్ల ఆసుపత్రిలో ఉండగా నీలాంటి కేసే చూశాను. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన కాథలిక్ తల్లి. ఏడో నెలలో గాని తెలియలేదు. ఆమె నెలలు నిండేదాకా మోసింది. కాన్పయ్యాక సిస్టర్ బిడ్డ మీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. అవసరమైతే ఎవరైనా ఇవ్వొచ్చని వాళ్ళ సభ నియమం. మేం బాప్టిస్టులం పసిబిడ్డలకు ఇవ్వం కదా, నేను పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డాను. థియేటర్ గుడ్డ ముక్కతో కుట్టిన టోపీ పెట్టి తల్లి ఒళ్ళో పెట్టాం. నలభై నిమిషాలు బతికింది. ఆ తల్లి చేసింది పిచ్చిపని అని నాకు ఏనాడూ అనిపించలేదు.

తర్వాత గవర్నమెంటులో ఉన్నప్పుడు ఇంకొకామె ఇదే కారణానికి అయిదో నెలలో తీయించుకుంది. వాళ్ళ సంఘంలో పెద్దలు ఆరు నెలలు ఆమెను బల్లకు దూరంగా ఉంచారు. ఆ పెద్దల్లో ఒకాయన కోడలికి అంతకు రెండేళ్ళ ముందు ఎక్కడో దొంగ స్కాన్ తీయించి, ఆడపిల్లని తెలిసి తీయించారు. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు. 1994లో చేసిన చట్టం ప్రకారం కూడా అది నేరమే. ఆయన్ను బల్ల దగ్గర ఎవరూ ఆపలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆడపిల్లని, వేళ కాదని తీయించడం తప్పు, అందులో నాకు అనుమానం లేదు. తల్లి ప్రాణం కోసం తప్పదు. నీ విషయంలో బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టినా కొద్ది గంటలు, మహా అయితే కొద్ది రోజులే బతుకుతుంది. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అలాంటప్పుడు ముందే కాన్పు చేయించుకుంటే దాన్ని నేను హత్య అనను. మోస్తానంటే ఆపను. కాథలిక్ బోధ మాత్రం దీన్ని ఒప్పుకోదు, అత్తగారింట్లో అబద్ధం చెప్పి నెగ్గుకురావాలని చూడకు. అయితే వాళ్ళ సభలోనూ 2016 నుంచి ప్రతి ఫాదర్‌కూ ఈ పాపానికి క్షమాపణ ఇచ్చే అధికారం ఉంది, తలుపు మూసెయ్యలేదు. మన బల్ల సంగతికొస్తే, నిన్ను నువ్వు పరీక్షించుకుని పాలు పొందు. పెద్దలు అడ్డుపడితే, ఇంతకుముందు ఎవరెవరిని ఆపారో లెక్క చెప్పమను. లేదంటే నన్ను పిలువు, నేనొస్తాను.

ఇక పని మాటలు. ఇరవై వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, ఇరవై నాలుగు దాకా ఇద్దరు కావాలి. అది దాటితే బిడ్డకు ఇలాంటి పెద్ద లోపం ఉన్నప్పుడు మెడికల్ బోర్డు చూస్తుంది. ఈ మార్పులు 2021లో వచ్చాయి. పద్దెనిమిది నిండినదానివి, నీ సంతకం చాలు, మీ ఆయన సంతకం చట్టం అడగదు. పేరు బయట పెట్టకూడదు. కాబట్టి ఈ వారమే తేల్చుకోవాలనే టెన్షన్ వద్దు. ఇంకో చోట ఇంకో స్కాన్ తీయించుకో. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో వేసుకోవద్దు, అయిదో నెలలో బ్లీడింగ్ ఆగకపోవచ్చు.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. అయిదో నెలలో పోయినా రెండు మూడు రోజులకు పాలు పడతాయి. నాకు తెలిసిన ఆడవాళ్ళందరూ ఏడ్చింది అప్పుడే. ఆపడానికి మాత్ర ఉంది, డిశ్చార్జికి ముందే అడుగు. బిడ్డను చూస్తావా, పాతిపెట్టుకోవడానికి ఇంటికి తీసుకెళ్తావా అన్నది కూడా ముందే చెప్పి పెట్టు, లేకపోతే వాళ్ళ పద్ధతిలో వాళ్ళు తీసేస్తారు. మళ్ళీ గర్భం కావాలనుకున్నప్పుడు నెల తప్పాక మొదలుపెడితే చాలదు. కనీసం మూడు నెలల ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి, నీకు మామూలు డోసు కంటే ఎక్కువ రాస్తారు. ఈ స్కాన్ రిపోర్టు పారెయ్యకుండా అప్పుడు డాక్టరుకు చూపించు.