డిగ్రీ చదివి చీరలు మడతపెట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో బి.కాం. అయింది. టి.నగర్‌లో ఒక బట్టల షోరూమ్ వాళ్లు ట్రైనీగా రమ్మన్నారు. "దీనికా డిగ్రీ చదివింది?" అంటున్నారు నాన్న. చేరమంటారా?

జవాబు: చేరండి. మొదటి నెలల్లో చీరలు మడతపెట్టక తప్పదు, కానీ చీర చేతిలోకి తీసుకున్నావిడ ముందు అంచు చూసిందా, ధర చీటీ తిప్పి చూసిందా అన్నది కౌంటర్ వెనక నిలబడితేనే తెలుస్తుంది. రోజూ లోపలికి ఎంతమంది వచ్చారు, ఎన్ని బిల్లులయ్యాయి అని రాసుకోండి. వందమంది వస్తే ముప్ఫై బిల్లులంటే కన్వర్షన్ 30 శాతం. రేపు ఫ్లోర్ మేనేజర్ పోస్టుకి ఇంటర్వ్యూలో అడిగేది ఇదే, మీ మార్కులు కాదు. జీతమెంత, అమ్మకాల మీద అదనంగా వచ్చే ఇన్సెంటివ్ ఎంత, విడివిడిగా ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు. ఆదివారం సెలవు మర్చిపోండి, దీపావళి ముందైతే అసలు అడగనే వద్దు. కాళ్ల నొప్పుల సంగతంటారా, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి ఉండాలని తమిళనాడు 2021లో చట్టమే సవరించింది, ఫ్లోర్‌లో స్టూల్ ఉందో లేదో వెళ్లినప్పుడే చూసుకోండి. తమిళం మాట్లాడటం వచ్చుగా? తెలుగు కస్టమర్లూ బాగానే వస్తారక్కడికి, రెండూ వస్తే మీకే లాభం. మొదటి ఇన్సెంటివ్ వచ్చాక నాన్నగారికి జవాబు చెబుదురుగాని.